వాచిన కాలు, ఇటాలియన్ పాఠం

1974 జూన్‌లో నన్ను గ్రేడ్-2 తెలుగు పండితుడిగా తిరువూరు హైస్కూలుకి బదిలీ చేశారు. మా హోదా బి.ఎడ్. అసిస్టెంట్ల కంటే ఒక మెట్టు కింద. స్టాఫ్‌రూములో ఫ్యాను కింది కుర్చీ కూడా వాళ్లదే. అలాంటి నాకు ఇటాలియన్ చెప్పే పని తగిలింది.

ఊళ్లో మిషన్ ఆస్పత్రి నడిపే ఇటాలియన్ డాక్టరమ్మ, తన దగ్గర కట్లు కట్టే ఖైరున్నీసాను నర్సు చదువుకి ఇటలీ పంపాలనుకుంది. బస్టాండు దగ్గర బట్టలు కుట్టే మస్తాన్ గారి అమ్మాయి. ఉన్నది ఒకటే సీటు. దసరాలోగా ఇటాలియన్‌లో మౌఖిక పరీక్ష నెగ్గకపోతే అది వేరే ఊరి అమ్మాయికి పోతుంది.

"కట్టు కట్టడం వచ్చు సార్. ఎందుకు కడుతున్నానో కూడా తెలియాలి కదండీ" అంది, వ్యాకరణం తెలిసినవాణ్ణని నన్ను వెతుక్కుంటూ వచ్చిన ఖైరున్నీసా. ఆ మాట నచ్చి ఒప్పుకున్నాను. ప్రభుత్వోద్యోగి బయట పాఠం చెప్పాలంటే తప్పనిసరి కాబట్టి హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకున్నాను.

నాకు ఇటాలియన్ రాదు. ఉచ్చారణ డాక్టరమ్మ దిద్దేది. ఆమె ఇచ్చిన, ఇంగ్లీషులో రాసిన ఇటాలియన్ వ్యాకరణాన్ని నేను మన పద్ధతిలో విడదీశాను. ఒక మూలం పట్టుకుంటే విశేషణం, క్రియ రెండూ దొరుకుతాయి. రోస్సో అంటే ఎర్రని, అర్రోస్సారె అంటే ఎర్రబరచడం. దేబొలె బలహీనమైన, ఇందెబొలీరె బలహీనపరచడం. గోన్ఫ్యో వాచిన, గోన్ఫ్యారె వాచడం. సంస్కృత శబ్దాలు వల్లె వేయించినట్టే తాళం వేసి మరీ చదివించాను.

పరీక్ష రోజున, కాల్లో ముల్లు దిగిన, పక్కనున్న వినగడప ఊరి రైతు ఒకాయన బల్ల మీద ఉన్నాడు. ఈ కాలికి ఏమైందో చెప్పమని డాక్టరమ్మ ఇటాలియన్‌లో అడిగింది. ఖైరున్నీసా కళ్లు మూసుకుని, తల ఊపుతూ, గోన్ఫ్యో కుటుంబం మొత్తాన్నీ రాగం తీసి అప్పజెప్పింది. అది అయ్యాక రోస్సో అందుకుంది. డాక్టరమ్మ ముఖం బిగుసుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ నేను ఆపమని చేయి ఊపాను.

రైతు కాలు వెనక్కి లాక్కున్నాడు. "ఆగమ్మా, ఆగు! నన్ను తేలేం కుట్టలేదు. ముల్లు దిగిందంతే. మంత్రమేస్తావేంటి?"

ఖైరున్నీసా కళ్లు తెరిచి పకపకా నవ్వేసింది. ఆయనేమన్నాడని డాక్టరమ్మ అడిగింది. తేలుకీ మంత్రానికీ మేం ఇటాలియన్ మాటలు నేర్చుకోలేదు. ఖైరున్నీసా వేలిని కొండిలా వంచి చూపించి, వచ్చిన మాటలే కూర్చుకుంటూ, ఇక్కడ తేలు కుడితే మంత్రం వేస్తారనీ, తన పాఠాన్ని ఈయన అదే అనుకున్నాడనీ చెప్పుకొచ్చింది. అంతటితో ఆగకుండా కాలు వాచిందనీ, చుట్టూ ఎర్రబడిందనీ, ముల్లు ఇంకా లోపలే ఉందనీ చెప్పింది. తప్పులు చాలానే దొర్లాయట. డాక్టరమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

సీటు ఖైరున్నీసాకే వచ్చింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. ముల్లు కూడా ఆమే తీసింది.

మూలం పట్టుకుంటే మాటలు దొరుకుతాయి. ఎదుటి మనిషికి చెప్పాల్సింది ఉన్నప్పుడే అవి మనవవుతాయి. రిటైరయ్యేదాకా నా క్లాసులో వల్లెవేత మానలేదు. అయితే అప్పజెప్పినవాడు ఆ మాటతో తన ఇంటి సంగతి ఒకటి చెప్పాకే కూర్చునేవాడు.