ఉప్పూ పంచదారా జతగా వెళ్లే గుమ్మం

మా సైన్సు టీచరుగారు పోయారు. బొల్లాపల్లి అవతల ఒక పల్లెలో మరిది కూతురి పెళ్లికని వెళ్లి, ఆ పెళ్లింట్లోనే పోయారు. ఆ కబురు మాచర్ల బస్సు కండక్టరు తెచ్చాడు. వాంతులు, విరోచనాలు అన్నాడు. స్టాఫ్ రూములో ఎవరో నిట్టూర్చి, ఆయువు తీరితే ఎవరేం చేస్తారు అన్నారు.

ఆయువు తీరలేదు. ఒంట్లో నీళ్లు తీరాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా చెప్పడానికే ఆవిడ బతికినన్నాళ్లూ గొంతు చించుకున్నారు. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా బళ్లోవాళ్లు నన్నడిగారు. మంచి మాటలకేం, బోలెడున్నాయి. కోపం దిగమింగి రాయడం మాత్రం నాకు చేతకాదు.

నేను తెలుగు పంతుల్ని. మా హైస్కూల్లో నా క్లాసుకీ ఆవిడ క్లాసుకీ మధ్య గోడ లేదు, తడిక ఉంది. నా పద్యం రెండో పాదంలో ఉండగానే ఆవిడ కణం తడిక దాటి వచ్చేసేది. నా పిల్లలు నావైపు చూస్తూ అటు వినేవాళ్లు. కొన్నాళ్లు నేనూ గొంతు పెంచి చూశాను. ఆ తర్వాత నేనూ వినడం మొదలుపెట్టాను. పుస్తకంలో 'కణత్వచం' అని ఉంటుంది. ఆ మాట దగ్గర పిల్లల నాలుకలు మడతపడితే, "పొర అనండి చాలు, పరీక్షలో మాత్రం త్వచం అని రాయండి" అనేవారు. తెలుగు పంతులుగా నాకు కాస్త కష్టంగానే ఉండేది. అయినా ఆవిడ మాటే బాగుండేది.

ఆ పాఠం వచ్చినప్పుడల్లా క్లాసుకి ఒక జాడీ, పచ్చి మామిడికాయలు, ఉప్పు తెచ్చేవారు. ముక్కలు కోసి ఉప్పు పట్టించి పక్కన పెట్టి, బోర్డు మీద బొమ్మ వేసేవారు. పాఠం అయ్యేసరికి ముక్కలు ఊటలో తేలుతూ ఉండేవి. ఈ నీళ్లు ఎవరు పోశారని అడిగేవారు. ఎవరూ పోయలేదు. ప్రతి ముక్కలోనూ కంటికి కనపడనంత చిన్న గదులు కోట్లకొద్దీ ఉన్నాయని, ఒక్కో గది చుట్టూ నూనెతో నేసినంత పల్చటి పొర ఉందని, బయట ఉప్పెక్కువైతే లోపలి నీళ్లు ఆ పొర దాటి వచ్చేస్తాయని చెప్పేవారు. కణంలో కేంద్రకం పెద్దమనిషే, కాదనను, కానీ ఇంటి పరువు గుమ్మం దగ్గర తెలుస్తుంది అనేవారు. ఏది రానివ్వాలో, ఏది ఆపాలో పొర చూసుకున్నంత కాలమే కణం బతికున్నట్టు. చివరికి ఆ ముక్కలకి కారం అద్ది పిల్లలకే పంచేవారు. తడిక సందులోంచి నాకూ రెండు వచ్చేవి.

ఒకసారి పేగుల్లో ఉండే కణాల గురించి చెబుతున్నారు. ఆ రోజు ఆవిడన్న మాటలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

"వ్రతానికి పీటల మీద ఎవర్ని కూచోబెడతారు? మొగుడూ పెళ్లాన్ని. ఒక్కరే వస్తే జతగా రమ్మంటారా లేదా? పేగులో ఈ పొర కూడా అంతే, చానా పట్టింపు మనిషి. దాంట్లో ఒక గుమ్మం ఉంది. ఉప్పూ పంచదారా జతగా వస్తేనే తెరుస్తది. ఆ రెండూ లోపలికి పోతే వాటెనకాలే నీళ్లు పోతయ్. నన్ను చూడండి, ఒంటిదాన్ని, మా వాళ్ల పేరంటాల్లో నన్ను గుమ్మం బయటే ఆపుతారు."

ఆవిడ భర్త పెళ్లయిన కొత్తలోనే పోయారు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఒక్కరే నవ్వి, బోర్డు తుడిచి, అసలు సంగతికొచ్చారు. విరోచనాల జబ్బు ఒంట్లోంచి నీళ్లు పోయే దారిని బార్లా తెరుస్తుంది గానీ, ఈ జత గుమ్మాన్ని మాత్రం మూయలేదు. అందుకని కాచి చల్లార్చిన చెంబెడు నీళ్లలో మూడు వేళ్లకొచ్చినంత ఉప్పు, గుప్పెడు పంచదార కలిపి తాగిస్తూనే ఉండాలి. రుచి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఈ మాటలు మా బడి పిల్లలందరికీ ఎక్కం కంటే బాగా వచ్చు.

మా వైపు పద్ధతి దీనికి తలకిందులు. విరోచనాలు పట్టుకుంటే ముందు నీళ్లు మాన్పిస్తారు. కడుపుకి విశ్రాంతి అంటారు. దాహమని ఏడిస్తే తడిగుడ్డతో పెదాలు అద్దుతారు. ఇదంతా ప్రేమతోనే చేస్తారు, అదే నాకు మండుతుంది. శత్రువైతే కొట్లాడవచ్చు. కన్నతల్లి చేతిలో ఉన్న తడిగుడ్డతో ఎట్లా కొట్లాడతాం?

ఆవిడ కొట్లాడారు. ఒక ఎండాకాలం బస్టాండు వెనక లారీ మెకానిక్కు ఇంట్లో చంటిబిడ్డకి ఈ జబ్బు చేసింది. ఆ ఇంటి పెద్ద పిల్ల మా బళ్లో చదివేది. ఉప్పూ పంచదారా కలపబోతే వాళ్ల నానమ్మ చెంబు లాక్కుందని పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. టీచరుగారు క్లాసు నాకు అప్పజెప్పి వెళ్లారు. బడి వదిలాక నేనూ వెళ్లాను. ఆవిడ ఆ ఇంటి గడప మీదే కూర్చుని ఉన్నారు. బిడ్డ ఒళ్లో ఉంది. చెంచాతో పోస్తున్నారు, వాంతి చేసుకుంటే కాసేపాగి మళ్లీ పోస్తున్నారు. ముసలమ్మ పక్కన నిలబడి తిడుతోంది. బిడ్డలో దమ్ము లేదు, మీరు పోసి చంపుతున్నారు అంటోంది. ఆవిడ తలెత్తకుండానే, "కుండ కారతా ఉందని నీళ్లు పొయ్యడం మానేస్తారా అమ్మా?" అన్నారు.

పొద్దు వాలేవేళకి బిడ్డ గట్టిగా ఏడ్చింది. తల్లి సముదాయించబోతే టీచరుగారు వద్దన్నారు. "ఏడవనియ్యమ్మా. కంట్లో నీళ్లొచ్చినయ్ చూడు. ఇంక భయం లేదు." అంత సంతోషంగా ఒక బిడ్డ ఏడుపు విన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ మర్నాడు బడి వేళల్లో బయటికి వెళ్లినందుకు హెడ్మాస్టరు ఆవిడకి మెమో ఇచ్చారు. పాఠం చెప్పమన్నాం గానీ ఊళ్లో వైద్యం చెయ్యమన్నామా అన్నారు. అది కూడా పాఠమేనండీ అని ఆవిడ సంతకం పెట్టి వచ్చారు. మొన్న సంతాప సభలో అదే హెడ్మాస్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఆవిడ సేవలు మరువలేనివన్నారు. మరువలేనివట! పల్లె పల్లెకీ పంపాల్సిన మనిషిని తడిక వెనక కట్టేసి ఉంచాం. ఆవిడ ఒక్క గొంతు ఎంత దూరం వినపడుతుంది? బొల్లాపల్లి అవతలి దాకా వినపడలేదు.

పెళ్లింట్లో ఏం జరిగిందో ఆవిడ తోడికోడలే నాకు చెప్పింది. చెడ్డ మనిషి కాదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పెళ్లి ముందురోజు ఉదయం మొదలైందట. శుభకార్యం ఇల్లు కదా అని వెనక గదిలో పడుకోబెట్టారు.

"అడిగింది పంతులుగారూ. ఉప్పూ పంచదారా కలిపి నీళ్లియ్యమంది. మాయత్త ఒద్దంది. పోతా ఉంటే ఇంకా పోస్తారా ఎవురన్నా? పెదాలకి తడిగుడ్డ అద్దినం. తనే లేచి వంటింట్లోకి రాబోయి గుమ్మంలో పడింది. పొర అంటది, కణం అంటది, మేం జొరం తలకెక్కిందనుకున్నాం. సెలైన్ పెట్టే ఆయన వస్తాడని చూస్తా ఉన్నాం."

మర్నాడు తాళి కట్టడం అయ్యాక సెలైన్ పెట్టే ఆయన వచ్చేసరికి పెట్టడానికి నరం దొరకలేదట.

పెళ్లిల్లు అది. లడ్డూలకని తెచ్చిన పంచదార బస్తా ఉంది. ఉప్పు ఉంది. గాడిపొయ్యి మీద గుండిగల్లో నీళ్లు కాగుతూ ఉన్నాయి. ఆవిడకి కావలసినవన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి. ఆ నీళ్లు ఎందుకు తాగాలో తెలిసిన మనిషి కూడా ఆ ఇంట్లోనే ఉంది. ఇంతకంటే పెద్ద దగా ఏముంటుందో నాకు తెలియదు. నా తెలుగంతా వెతికినా దీనికి సరిపోయే తిట్టు దొరకడం లేదు.

పదో రోజు ధర్మోదకాలకి వెళ్లాను. ఊరి బయట వాగులో నీళ్లు లేవు. ఆడవాళ్లు ఊళ్లోంచి బిందెలతో మోసుకొచ్చారు. పిండం దగ్గర మరిది మొదట నీళ్లు వదిలాడు. దోసిట్లో నువ్వులు వేసి పైనుంచి నీళ్లు పోశారు. తర్వాత అత్తగారు, తోడికోడలు, పెళ్లికూతురు, కొత్త అల్లుడు. చుట్టాలయ్యాక ఊరివాళ్లు వరసలో నిలబడ్డారు. పోయిన మనిషికి దాహం తీరాలి గదా, ధారాళంగా పొయ్యమని ఒక పెద్దాయన చెబుతున్నాడు. బిందెలు ఖాళీ అయితే మళ్లీ నింపుకొస్తున్నారు. ఎవరూ విసుక్కోవడం లేదు.

నా వంతు వచ్చింది. దోసిలి పట్టాను. పోశారు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారి ఇసకలో పడ్డాయి. ఎండకి మాడిన ఇసక పడ్డవి పడ్డట్టే పీల్చేసింది. నేను చేతులు దించకుండా అట్లాగే నిలబడితే, వెనకనుంచి ఎవరో నా భుజం తట్టారు.

"జరగండి పంతులుగారూ. నీళ్లియ్యాల్సినోళ్లు ఇంకా చానామంది ఉన్నారు."