పెద్దత్త బోరు మీటరు

పోయిన వారం కరెంటు ఆఫీసువాళ్ళు ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా ఇంటికొచ్చి, పాత మీటరు ఊడదీసి కొత్తది బిగించి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక కూడా నేను ఆ పెట్టె ముందు నిలబడే ఉన్నాను. ఫ్యాను వేస్తే దాని ఎర్రదీపం మెల్లగా కొట్టుకుంటోంది, మిక్సీ వేస్తే గబగబా కొట్టుకుంటోంది. "ఏటి సూస్తన్నావక్కడ, పాలు పొంగిపోతన్నాయి" అని మా ఆయన వంటింట్లోంచి కేకేస్తేగానీ కదల్లేదు. మల్లెపూలు చూస్తేనో, పట్టుచీర చూస్తేనో మేనత్తలు గుర్తొచ్చేవాళ్ళు ఉంటారు. నాకు మాత్రం కరెంటు మీటరు చూస్తే మా పెద్దత్త గుర్తొస్తుంది. ఎవరి అదృష్టం వారిది.

మా నాన్నకి ఇద్దరు తోబుట్టువులు, పెద్దత్తా చిన్నత్తా. ఇద్దరి మొగుళ్ళూ శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరినవాళ్ళే. నిమ్‌పురా క్వార్టర్లలో గోడకి గోడ ఆనించుకుని కాపురాలు చేశారు. ఈ ఇంట్లో చేపల పులుసు పెడితే ఆ ఇంట్లో అన్నం వార్చేవారు. పెద్దమావయ్య ఎలక్ట్రీషియను, మాట తక్కువ. రైల్వేలో పనిచేస్తూ కూడా, పాసు ఇంట్లో మరిచిపోయిన రోజున వరసలో నిలబడి టికెట్టు కొనుక్కున్న మనిషి. ఆ సంగతి పట్టుకుని చిన్నమావయ్య ఏడాది పొడుగునా ఆయన్ని ఏడిపించాడు. చిన్నమావయ్య మాటకారి. ఏ పెళ్ళిలోనైనా నవ్వు ఆయన దగ్గరే మొదలయ్యేది. చిన్నప్పుడు నాకు ఇద్దరిలో ఆయనంటేనే ఇష్టం. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

రిటైరయ్యే ముందు తోడల్లుళ్ళిద్దరూ ఊరి చివర పక్కపక్కనే పొలాలు కొని, మధ్యన ఒక్క బోరు వేయించారు. పెద్దమావయ్య ఆఫీసుల చుట్టూ తిరగలేనన్నాడని కనెక్షను చిన్నమావయ్య పేరున తీశారు. మోటారు బిగించింది, వైరింగు చేసింది అంతా పెద్దమావయ్యే. అప్పట్లో పొలం మోటార్లకి మీటర్లు లేవు. ఎంతసేపు ఆడించినా బిల్లు ఒకటే గనక మోటారు ఆపాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. మడులు నిండి, గట్లు దాటి, నీళ్ళు బాట మీదికి వచ్చేవి. ఆదివారాలు మా పిల్లలు ఆ గొట్టం కింద తలలు పెట్టి పెదాలు నీలం తిరిగేదాకా లేచేవారు కాదు. తరవాత సర్కారు ప్రతి బోరుకీ మీటరు పెట్టించింది. వాడినంతకే కట్టాలి, అందులోనూ సాయంత్రంపూట వాడితే రేటెక్కువ. పెద్దమావయ్య దాన్ని చూసి "నాయమే గదా" అన్నాడు. చిన్నమావయ్యకి మింగుడు పడలేదు. "నేల నాది, నీళ్ళు నావి, మద్దెన ఈ పెట్టికేటి పని?" అని వచ్చినవాళ్ళందరితో అనేవాడు.

ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు ఆఫీసు జీపు వచ్చింది. స్తంభం మీది తీగకి కొక్కెం తగిలించి, మీటరు తప్పించి, మా మోటారుకి కరెంటు లాగుతున్న వైరు దొరికింది. చుట్టుపక్కల రైతులంతా పోగయ్యారు. కనెక్షను చిన్నమావయ్యది, పని ఎవరిదని అడిగారు. ఆయన క్షణం కూడా తడుముకోలేదు. "నాకు కరెంటు పని రాదు బాబూ. మా అన్నయ్య ఎలక్ట్రీషియను. ఇయ్యాల నీళ్ళ వంతు ఆయనదే" అన్నాడు. అంతే. పెద్దమావయ్య చిన్నత్త వైపు చూశాడట. కొక్కెం తగిలించింది తన మొగుడేనని ఆవిడకి తెలుసు. ఆవిడ తల వంచుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడిందట. ఆయన్ని జీపెక్కించుకుపోయి, చీకటి పడేదాకా ఆఫీసు బెంచీ మీద కూచోబెట్టారు. జరిమానా మాట్లాడకుండా కట్టేశాడు. మళ్ళీ పొలం వైపు వెళ్ళలేదు. టీ దుకాణంలో ఎవరో నవ్వుతూ "కీ దాదా, ఇంట్లో కరెంటు కూడా ఊరికేనా?" అన్నారని టీ మానేశాడు. వానలు మొదలవకముందే పోయాడు. గుండె అన్నారు డాక్టర్లు. పెద్దత్త డాక్టర్ల మాట వినలేదు.

ఆమె ఏడవలేదు. పన్నెండోరోజు చిన్నమావయ్య భోజనాల దగ్గర అటూ ఇటూ తిరిగి అందరినీ ఆదరించి చివర్లో కూచుంటే, ఆయన విస్తట్లో తనే స్వయంగా గారె వేసింది. చూసినవాళ్ళంతా ఎంత పెద్ద మనసు అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ తరవాత ఏళ్ళూ అలాగే గడిచాయి. ఆమె పొలానికి ఆ బోరు నీళ్ళే, ఆయన అడిగినంత డబ్బు ఇచ్చేది, "మరిదీ" అని పిలిచేది, పండక్కి బట్టలు పెట్టేది. రోజూ గట్టు మీద కూచుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఆ మోటారు షెడ్డు వైపే చూసేది.

ఒకరోజు నన్ను పిలిపించింది. "ఓలె, నీ బండి మీద కరెంటాపీసుకి తీసుకెల్లు." దారిలో చెప్పింది. మోటారు ఆడుతున్నా మీటరు దీపం కొట్టుకోవడం లేదట. చిన్నమావయ్య ఈసారి తీగ స్తంభం మీద కాకుండా మట్టిలో పూడ్చాడట. "ఎన్నాళ్ళనుండి తెలుసు అత్తా?" అంటే, "పంట ఊడ్సినకాడినుండీ. వెన్ను పాలు పోసుకోనీ అని ఆగినాను" అంది. పాలు పోసుకునే వేళ నీళ్ళు ఆగితే వరి తాలుగా పోతుందని పొలం లేని నాక్కూడా తెలుసు.

ఆఫీసులో ఉన్న బెంగాలీ ఆయన మంచివాడు. కుర్చీ వేయించాడు. మోటారు ఎవరిదని అడిగాడు.

"నా చెల్లెలి మొగుడిది" అంది అత్త, వచ్చీరాని బెంగాలీలో.

"మీ పొలానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి మాసీమా?"

"ఆ మోటారునుంచే."

ఆయన కలం కింద పెట్టాడు. "లైను కోసేస్తే మీ వరి కూడా పోతుంది. కోత అయ్యాక రండి, అప్పుడు చూద్దాం."

"నా వరి సంగతి నీకెందుకు బాబా? నువ్వు జీపు పంపించు."

మర్నాడు జీపు వచ్చింది. అదే షెడ్డు, అదే రైతులు. అత్త తెల్లచీర కట్టుకుని ముందుగానే వచ్చి నిలబడింది. తవ్వాల్సిన చోటు తనే కాలితో చూపించింది. రెండు పలుగుపోట్లకి నల్లటి వైరు బయటపడింది. చిన్నమావయ్య మొహం చూడాలి. ఇది ఎవరి పని అని అడిగారు. ఆయన నోరు తెరిచాడు, చుట్టూ చూశాడు, అలవాటుకొద్దీ అనుకుంటాను, పక్కపొలం గట్టు వైపు చూశాడు.

"ఈసారి ఎవుల పేరు సెప్తావు మరిదీ? మీ అన్నయ్య లేడు గదా" అంది పెద్దత్త.

అందరికీ వినబడింది. జీపువాళ్ళకి తెలుగు రాకపోయినా వాళ్ళకీ అర్థమైందని నా నమ్మకం. నాకు ఆ క్షణం ఎంత హాయిగా ఉందో రాస్తే మీరు నన్ను మంచిమనిషి అనుకోరు.

లైను కోసేశారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. రెండు పొలాలూ పక్కపక్కనే పసుపుబారాయి, తరవాత తెల్లబడ్డాయి. చిన్నత్త ఏడుస్తూ వచ్చింది. గుమ్మం బయటే ఆగి, "అప్పా, నీ సేనూ ఎండిపోనాది గదే, ఏటి సాధించినావు?" అంది.

"ఆ దినం నీ మొగుడు మా ఆయన పేరు సెప్పినప్పుడు నువ్వు ఏటి సూసినావు?"

"నా మెళ్ళో పుస్తి సూసుకున్నాను."

"నాను నా మెడ సూసుకున్నాను" అని తలుపేసింది పెద్దత్త. ఆ ఏడు రెండు పొలాల్లోకీ ఆవుల్ని తోలారు. అత్త కొట్టు బియ్యం కొనుక్కుని తిని, "బాగున్నాయే" అంది.

ఆ తరవాత తన పేరున వేరే బోరు, వేరే మీటరు తెచ్చుకుంది. చిన్నమావయ్యకి పోయిన కనెక్షను మళ్ళీ రాలేదు. చివరికి నీళ్ళకోసం ఆమె దగ్గరికే రావాల్సొచ్చింది. ఊరంతా కాదంటుందనుకున్నారు. ఆమె ఇచ్చింది. షరతు ఒకటే. మోటారు వేసేముందూ, ఆపాకా, ఆయనే వచ్చి మీటరు ముందు వంగి అంకెలు పైకి చదవాలి. ఆమె గట్టు మీద కూచుని వింటుంది. "వినబడనేదు మరిదీ, గట్టిగా." ఆయన మళ్ళీ చదువుతాడు. పొలంలో పనిచేసుకునేవాళ్ళు నడుములు ఎత్తి చూస్తారు. పెళ్ళిళ్ళలో నవ్వులు పంచిన ఆ గొంతు ఏడాదికేడాది సన్నబడుతూ వచ్చింది.

మొన్న చలికాలం నేనూ అక్కడే ఉన్నాను. ఆయనకి కళ్ళలో పొరలు ముదిరిపోయాయి. గాజుకి మొహం ఆనించి, కనబడక, ఏదో నోటికొచ్చిన అంకె చెప్పాడు. "తప్పు. మల్లీ సదువు" అంది అత్త. ఆయన మళ్ళీ తప్పు చెప్పాడు. మూడోసారి తడుముకుంటుంటే నేనే ఉండబట్టలేక లేచి చదవబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. ఇంటికెళ్ళే దారిలో అడిగాను, "ఇంకెన్నాళ్ళత్తా ఇది?" అని.

"మీ మావయ్యొచ్చి సాలు అన్నదాకా" అంది.

ఆమెకి మోకాళ్ళు అరిగాయి, పళ్ళూడాయి, మనవల పేర్లు ఒకరివి ఒకరికి పెట్టి పిలుస్తోంది. ఇన్నేళ్ళు మా అందరి మీదుగా గడిచిపోయాయి గానీ, ఆ ఒక్క మధ్యాహ్నానికి మాత్రం ఆమె దగ్గర ఇంకా పొద్దు వాలలేదు.