ఏమీ రాలేదు

ఆ వీధిలో మేస్త్రీ అంటే పైపుల మేస్త్రీ ఒక్కడే. కుళాయి ఆగిందని ఎవరు గోలపెట్టినా ముందు కసిరేవాడు, తరవాత బాగుచేసేవాడు. "నీళ్లు రాకపోతే ట్యాంకు ఖాళీ అనుకుంటారేంటమ్మా? లోపలెక్కడో పూడుకుపోయుంటుంది" అనడం అతని అలవాటు.

అలాంటివాడికి నెత్తురు తగ్గిపోయింది, ఒంటినిండా నీలం మచ్చలు తేలాయి. రక్త క్యాన్సరేమో, ఎముకలోని మూలుగ చూస్తే గానీ తేలదన్నాడు డాక్టరు. నడుం కింద ఎముకలోకి సూది దించి లాగితే చుక్క రాలేదు. మూలుగ బాగా పాడై పీచుకట్టేస్తే ఇంతేననీ, లావు సూదితో చిన్న ఎముక ముక్క తీయాలనీ, ఏ రకమో తేలకుండా మందు మొదలుపెట్టలేననీ, ఆలస్యమైతే చెయ్యి దాటిపోతుందనీ నచ్చజెప్పాడు. మొదటి సూదికే చుక్కలు చూసిన మన ధీరుడు, రేపొస్తానని చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటపడ్డాడు.

గుమ్మంలోనే భార్య అడిగింది, పరీక్షలో ఏం వచ్చిందని.

"ఏమీ రాలేదు" అన్నాడు.

అబద్ధమా అంటే కాదు. నిజమా అంటే సిగ్గుచేటు. ఆవిడ ప్రాణం కుదుటపడింది. ఏమీ రాలేదట, ఏమీ రాలేదట అని వీధంతా చెప్పుకొచ్చింది. ఎదురైనవాళ్లంతా సంతోషిస్తుంటే మేస్త్రీకి తల కొట్టేసినట్టయ్యేది. చెబుదామని భార్య దగ్గరికి వెళ్లడం, నీళ్లు నమిలి తిరిగి రావడం. ఈలోగా చిగుళ్ల నుంచి నెత్తురు కారడం మొదలైంది. అదీ దాచాడు.

ఓ పొద్దున వాళ్ల వంటింటి కుళాయే ఆగింది. ట్యాంకు ఖాళీ అయినట్టుందంది భార్య.

"రాకపోతే లేనట్టేనా? పూడుకుపోయుంటుంది" అని కసిరాడు.

అన్నవాడు అన్నచోటే ఆగిపోయాడు. పానా పట్టుకుని సింకు కిందకి దూరాడు గానీ, మళ్లీ ఆవిడ ముఖం చూడ్డానికి మొహం చెల్లలేదు. అక్కణ్ణుంచే జరిగిందంతా చెప్పాడు.

ఆవిడ పొయ్యి ఆర్పేసింది. తరవాత, "లే. చొక్కా వేసుకో" అంది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

ఈసారి ఆవిడ ఆసుపత్రిలో ఆ గది తలుపు దగ్గరే నిలబడింది. నర్సు బయటికి రాగానే, "ఏమైనా వచ్చిందా అమ్మా?" అని అడిగింది.

వచ్చిందట. ముక్క చక్కగా వచ్చిందట. జబ్బు ఏ రకమో తేలగానే మందు ఎక్కిస్తారట, తట్టుకుంటే ఆనక తోబుట్టువుల మూలుగ ఇతనికి ఎక్కించడానికి సరిపోతుందేమో చూస్తారట.

"వచ్చింది, వచ్చింది" అంటూ ఆవిడ రెండు చేతులూ జోడించింది.

లోపల బోర్లా పడుకున్న మేస్త్రీకి ఆ మాట వినబడింది. జబ్బు ముక్క వచ్చిందని ఆవిడ చేత దణ్ణం పెట్టించినందుకు సిగ్గుతో చచ్చిపోతూ, ముఖం దిండులో దాచుకున్నాడు.