చావు లేదన్న పెద్దయ్య ఏడ్చాడు

అడిగినవారికీ, అలిగినవారికీ కూడా తోడుండే శ్రీమన్నారాయణునికి ముందుగా నా నమస్కారం. ఆయన దయ లేకపోతే ఈ నాలుగు ముక్కలు చెప్పే ఊపిరి కూడా నాకు ఉండేది కాదు.

నా చిన్నప్పుడు గద్వాలలో మా ఇంట్లోనే శనివారం భజన జరిగేది. మా తాతయ్య పగలంతా మగ్గం మీద చీరలు నేసి, సాయంత్రం చిడతలు పట్టుకునేవాడు. దేవుడు వేరు, మనం వేరు, మనమంతా ఆయన దాసులం అన్నది ఆయన నమ్మకం. వాడలో అందరూ పెద్దయ్య అని పిలిచే ఎదురింటి ముసలాయన కూడా నేతగాడే, కానీ అద్వైతి. ఉన్నది ఒక్కటే, పుట్టడమూ చావడమూ మన భ్రమ అనేవాడు. భజనకు వచ్చి కూర్చునేవాడు గానీ ఎన్నడూ గొంతు కలిపేవాడు కాదు. భజన అయిపోగానే ఇద్దరికీ వాదం.

"నువ్వూ నేనూ ఒక్కటే అంటివి గదనే అన్నా, మరి నేను బువ్వ తింటే నీ కడుపు నిండుతదా?" అనేవాడు తాతయ్య.

"నిండుతది గానీ, నీ కోడలు జర ఉప్పు తక్కువేసింది" అనేవాడు పెద్దయ్య. అమ్మతో సహా అందరం నవ్వేవాళ్లం.

ఒక ఏడు ఊళ్లోకి గత్తర వచ్చింది. వాంతులతో, విరేచనాలతో ఒక్క పూటలో నా తమ్ముడు పోయాడు. అప్పుడప్పుడే తాతయ్య ఒళ్లో కూర్చుని తాళం వేయడం నేర్చుకుంటున్నాడు. ఆ తరువాత తాతయ్య దేవుని పేరు ఎత్తలేదు. శనివారం వస్తే, దీపం పెట్టవద్దన్నాడు. పిలవకపోయినా పెద్దయ్య వచ్చాడు. తాతయ్య పక్కన కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

నేను ఊరుకోలేకపోయాను. "పెద్దయ్యా, సచ్చుడే లేదంటివి గద. మరెందుకు ఏడుస్తున్నవ్?" అని అడిగేశాను. అమ్మ నా నోరు మూయబోయింది. పెద్దయ్య నన్ను దగ్గరికి తీసుకున్నాడు.

"మంచిగ అడిగినవ్ బిడ్డా. ఎన్నడో మనుషులు గిట్లనే పీనుగు పక్కన కూసొని, వీడు యాడికి పోయిండని అడిగిండ్రు. కంటికి కనిపించేదే ఉన్నది, కాలినంక ఏం లేదన్నరు చార్వాకులు. దీపం మంట లెక్క అన్నీ మారుడే గాని నిలిచేది లేదు, పట్టుకోకుంటే దుఃఖం పోతదన్నరు బౌద్ధులు. నిలిచేది ఒకటున్నది, కుండ పగిలినా లోపలి ఆకాశం పగలదన్నరు మా అద్వైతులు. గట్లయితే మొక్కేదెవరు, మొక్కించుకునేదెవరని నీ తాత అసొంటోళ్లు అడిగిండ్రు. ఒగలు చెప్పింది ఇంకొకలకు సాలలేదు. గందుకే మళ్ల మళ్ల అడిగిండ్రు. ఇయ్యాల నాకు గూడ సాలలేదు బిడ్డా."

ఆ మాట అని, ఎన్నడూ పాడని ఆ మనిషి చిడతలు తీసుకుని నామం ఎత్తుకున్నాడు. తాళం తప్పింది, రాగం తప్పింది. కాసేపు విన్న తాతయ్య "గట్ల కాదన్నా" అని మెల్లగా అందుకున్నాడు. సగంలోనే ఆపి, ఖాళీగా ఉన్న తన ఒడి వైపు చూసుకున్నాడు. మిగతాది పెద్దయ్యే, ఆ తప్పు రాగంలోనే పూర్తి చేశాడు. తాతయ్య ఈసారి దిద్దలేదు.

నేను పెరిగాక సత్సంగాలలో ఆ దర్శనాలన్నీ వరుసగా విన్నాను. ఎవరు ఎవరిని వాదంలో గెలిచారో పెద్దలు చెప్పేవారు. నాకు మాత్రం ప్రతి మాట వెనుకా పోయిన బిడ్డ ఒకడు, వాడి కోసం ఏడ్చిన మనిషి ఒకరు కనిపించేవారు. నా నమ్మకం ఇప్పటికీ తాతయ్య నమ్మకమే. అయినా, ఎవరింట్లో దుఃఖం కలిగినా అన్నీ తెలిసినట్టు మాట్లాడను. వెళ్లి పక్కన కూర్చుంటాను.

ఇది చదువుతున్న మీరు ఏ మార్గం వారైనా సరే, ఒక్క క్షణం నాతో చేతులు జోడించండి. స్వామీ, ఈ రోజు బిడ్డను పోగొట్టుకుని నీ పేరు పలకలేకపోతున్నవారి ఇంటికి ఎవరినైనా పంపు.