అద్దాల లిఫ్టు గీత

లిఫ్టు మెకానిక్ రోజూ చీకటి పడగానే డాబా ఎక్కి, కెమెరా స్టాండు కదలకుండా దానికి ఇటుకల సంచి వేలాడదీసి, ఊళ్ళోని పెద్ద పెద్ద మేడలన్నీ పడేలా ఫొటో తీస్తాడు. బటన్ నొక్కి, కెమెరా కన్ను తెరుచుకుని ఉన్నంతసేపూ, ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబడతాడు. ఆరేసిన బట్టలు తీయడానికి భార్య వచ్చిందంటే బతిమాలుకుంటాడు. "కదలకే తల్లీ, డాబా అదురుతుంది."

"నేనేమైనా ఏనుగునా?"

ఇవాళ ఫొటో చూసి ఆమె పెదవి విరిచింది. "మధ్యలో ఈ తెల్లగీత ఏమిటి? కెమెరా పాడైందా?"

"అది ఆ మేడ బయటివైపు పైకి పోయే అద్దాల లిఫ్టు దీపమే, కదిలిన దారంతా గీతలా పడింది. మూడు రోజులుగా ఏడో అంతస్తులో ఆగిపోతోంది. ఆగిన చోట గీతలో చుక్క పడుతుంది. పొద్దున బాగుచేశాను గానీ, చూడ్డానికి ధైర్యం చాలట్లేదు. నువ్వే చూడు."

ఆమె గీత వెంట కిందినుంచి పైదాకా వేలు పోనిచ్చింది. ఎక్కడా చుక్క లేదు.

"ఇంకొకటి తియ్యి," అంది, బట్టలు భుజాన వేసుకుని కదలకుండా నిలబడి. "ఈసారి అంకెలు నేను లెక్కపెడతా."