ఐసు డబ్బాలో కోడి కూత

ఈ మధ్య నాకు ఫోన్ చేసి, ఎత్తలేదని మూతి ముడుచుకున్న వాళ్లందరూ ఒకసారి ఇట్ల రండి, కూర్చోండి. నాకు పొగరెక్కలేదు. మీరు చెడ్డవాళ్లూ కాలేదు. ఫోన్ పారేసుకోలేదు, ఎవరూ ఎత్తుకపోలేదు. అది యాడుందో నాకు జానెడు తేడా లేకుండా తెలుసు. తియ్యలేను, అంతే. ఎందుకంటే దాన్ని లోపల పెట్టి, కొలత చూసి, రేకు వేసి, రివెట్లు కొట్టి మూసింది ఇంకెవరో కాదు, నేనే!

పామిడిలో మాది నన్నారి షర్బత్ బండి. లగేజీ ఆటో వెనకాల పెద్ద ఐసు డబ్బా. లోపల ఫైబర్ తొట్టి, బయట అల్యూమినియం రేకు, రెండింటి నడుమ థర్మాకోల్. మా రోడ్ల మీద ఆ డబ్బా తిన్న దెబ్బలకు ఒక పక్క రివెట్లన్నీ ఊడి, రేకు మేక చెవి మాదిరి టపటపా కొట్టుకుంటాండేది. లోపల థర్మాకోల్ పొడి పొడి అయిపోయింది. పొద్దున పెట్టిన ఐసు దిమ్మ మధ్యాహ్నానికి సబ్బు బిళ్లంత మిగిలేది.

అట్లాంటప్పుడు వచ్చింది తాడిపత్రి ఆర్డర్. బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ నడిపే వాళ్లింట్లో మనవడికి పేరు పెట్టే ఫంక్షన్. ఆ ఇంటి పెద్దామె సావిత్రమ్మ నాతో ఖచ్చితంగా చెప్పింది.

"చూడు రత్నమ్మా, సాయంత్రం దాకా చల్లగా ఇస్తే ఈ ఎండాకాలమంతా మా ఫ్యాక్టరీ కూలోళ్లకు నీ షర్బతే. మధ్యలో ఐసు కరిగిపాయె, గోరువెచ్చగా తాగండి అన్నావంటే, మళ్లీ నా గడప తొక్కొద్దు."

ఎండాకాలమంతా రోజూ ఒకే చోట పని! బస్టాండులో ఎండకు నిలబడి గొంతు చించుకునే పని తప్పుతుంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్రలో కూడా ఆ ఊడిన రేకే కనిపించేది.

"టింకరింగ్ అతని దగ్గరికి తీసుకపోదాం" అన్నాడు మా ఆయన.

"పోయినసారి అతను కొట్టినవే కదా ఇప్పుడు పళ్లూడినట్లు ఊడినాయి? ఈసారి నేనే చేస్తా."

"నీకొచ్చా?"

"రాదు. చదువుతా."

మా ఆయన లేచినాడు. నేను 'చదువుతా' అంటే ఆయన చెప్పులేసుకోని బయటికి పోతాడు, అది మా ఇంటి ఆనవాయితీ. నా చదువు ఏడో తరగతిలో ఆగింది గానీ చదవడం ఆగలేదు. మందు సీసా మీది కాగితం నుంచి మడత నలిగిన నవలల దాకా, చేతికి దొరికిందల్లా చదివినదాన్ని. డిక్షనరీ పక్కన పెట్టుకోని ఇంగ్లీషు కూడా కూడబలుక్కుంటా. ఇప్పుడైతే పుస్తకాలన్నీ ఫోన్లోనే.

ఫోన్లో వెతికేటప్పుడు నా తెలివి చూడండి. 'ఐసు బండి' అని కొడితే మిషనుకు మోటుగా ఉంటుందేమో అనిపించింది. గ్రంథాల మాటలో, మర్యాదగా, 'మంచు బండి రేకు రివెట్లు' అని కొట్టినా. అది ఇంకా మర్యాదగా ఇంగ్లీషులోకి మార్చుకోని, మంచు మీద పరుగెత్తే బండ్ల రిపేరు పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. స్నోమొబైల్ అంట. చక్రాలుండవు. ముందర రెండు జారుడు కమ్ములు, వెనక ఒక రబ్బరు పట్టా.

మూసెయ్యబోయినా. కానీ చదివే కొద్దీ వదలబుద్ధి కాలేదు. దాని ఒళ్లు కూడా అల్యూమినియం రేకే. అది కూడా దడదడలాడతానే పోతాది, దానికీ రివెట్లే ఊడతాయి. బయట నలభై దాటిన ఎండ, ఫ్యాన్ వేడి గాలి విసురుతాంది, నేను మంచులో బండి చెడిపోయినవాళ్ల కష్టాలు చదువుకుంటా కూర్చున్నా. ఎంత దూరం మనుషులు! వాళ్లు మంచును తొక్కుకోని పోవడానికి బండి చేసుకున్నారు. మనం ఒక్క మంచు దిమ్మను సాయంత్రం దాకా బతికించుకోవడానికి ఉన్న తెలివంతా పెడతాండాం. ఆడ మంచు లోపలికి రాకూడదు, ఈడ మంచు బయటికి పోకూడదు. రెండు చోట్లా కాపలా మాత్రం వేలి గోరంత రివెట్టుదే.

ఆ పుస్తకం చెప్పిన ఇంకో ముక్క కూడా చెప్పాల. రేకుకు రెండో పక్క చెయ్యి పట్టని చోట వాడే రివెట్టును ఇంగ్లీషులో 'బ్లైండ్' అంటారంట. గుడ్డి రివెట్. ఈ పక్క నుంచి బొక్కలో దూర్చి, గన్ను నొక్కితే, మధ్యలోని మేకు వెనక్కి లాక్కుంటా ఆ పక్క తోకను ఉబ్బిస్తాది. తర్వాత మేకు టక్కుమని తెగిపోతాది. రేకు పట్టుబడినట్లే. ఆ పక్క ఏముందో చూడాల్సిన పనే లేదు అని రాసినారు. ఎంత బాగుండాది అనుకున్నా. ఆ పక్క ఏముందో చూసే అలవాటు నాకు మొదటి నుంచీ తక్కువ.

అనంతపురం పోయినా, హార్డ్‌వేర్ షాపుకు. షాపు మస్తాన్ అన్న నన్ను చూసి పెయింట్ డబ్బాల వైపు తిరిగినాడు.

"పెయింట్ కాదన్నా. రివెట్లు, రివెట్ గన్ను."

"దానికి సైజు తెలియాల, మీ ఆయన్ని పంపించరాదా అక్కా?"

"మా ఆయనకు ఐసు దిమ్మ సైజు తెలుసు. రివెట్టు సైజు నాకు తెలుసు. రెండు రేకులు కలిపితే ఎంత మందముందో కొలిచి తెచ్చినా, ఆ మందానికి పట్టే పొడుగియ్యి. అల్యూమినియమే కావాల. ఇనుపవి వద్దు, ఐసు నీళ్లు తగిలితే రేకును కొరికేస్తాయి. తల వెడల్పుగా ఉండాల. తోక మూసుకున్న రకం ఉంటాది చూడు, నీళ్లు కారనిది, అది."

అన్న చేతిలో పేపరు కింద పెట్టి, పైనున్న అట్టపెట్టెలు దించినాడు. గన్ను కూడా మొదట చిన్నది చూపించినాడు. గట్టిగా నొక్కితే దాని పిడి వంగేలా ఉంది. రెండు చేతులతో పట్టే పొడుగు పిడిది తీసుకున్నా.

"ఇదంతా యాడ నేర్చుకున్నావక్కా?"

"మంచు బండ్ల పుస్తకంలో."

"అనంతపురం జిల్లాలో మంచు యాడుండాదక్కా!"

"నా డబ్బాలో ఉండాది. దాని కోసమే ఈ తిప్పలు."

ఫంక్షన్‌కు ముందు రోజు సాయంత్రం పనికి కూర్చున్నా. పక్కింటి వడ్రంగి దగ్గర డ్రిల్లు అడిగి తెచ్చి బొక్కలు వేసి, వెంటనే ఇచ్చేసినా. పొడి అయిన థర్మాకోల్ తీసి కొత్తది పెట్టినా. ఒక మూలలో మాత్రం కొంచెం ఖాళీ మిగిలింది. ఇప్పుడు కొత్త రేకు బొక్కలు, లోపల రేకును పట్టుకునే పట్టీ బొక్కలు ఒకదాని మీదికి ఒకటి రావాల. లోపలంతా చీకటి. అప్పుడు నాకొక మెరుపులాంటి ఆలోచన! ఫోన్ టార్చి వేసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆ ఖాళీలో నిలబెట్టినా. రేకు ఆనించగానే బొక్కలన్నీ వెలిగినాయి, చుక్కలు పొడిచినట్లు! ఏ బొక్క సరిపోయిందో, ఏది జరిగిందో వెలుతురే చెప్తాంది. పై వరస కొట్టే ముందు ఫోన్ తీసెయ్యాల, అది మనసులో ఉండాది.

కింది వరస కొట్టినా. టక్. ఒక చుక్క ఆరిపోయింది. టక్. ఇంకొకటి. పక్క వరసలు అయినాయి. చూడ్డానికి వీధిలో ఆడోళ్లు చేరినారు. "అబ్బ, రత్నక్క చేస్తాందే!" అంటాండారు. పొగడ్త వినపడితే నా చేతికి కళ్లెం ఉండదు. పై వరస కూడా టకటకా కొట్టినా. అంచులకు సిలికాన్ పూసి, చుట్టూ తిరిగి చూసినా.

"చూసినారా! వెలుతురు ఒక్క చుక్క కూడా బయటికి రావడంలేదు. ఇంక చలి యాడ నుంచి పోతాది!"

అందరూ తలలూపినారు. లోపల వెలుతురు యాడ నుంచి వచ్చిందో అడగాలని ఒక్కరికీ తోచలేదు. నాకు తోచిందా, వాళ్లననడానికి!

ఇంత మంచి పనిని ఫోటో తీసి మీకందరికీ పంపాల కదా అని ఫోన్ కోసం చూసినా. ఇంటి ముందర కట్ట మీద లేదు. వంటింట్లో లేదు. దిండు కింద లేదు.

"మీరొకసారి నా ఫోన్‌కు చెయ్యండి" అన్నా మా ఆయనతో.

చేసినాడు. డబ్బా లోపలి నుంచి కోడి కూసింది.

నా రింగ్‌టోన్ అది. పొద్దున్నే ఐసుకు పోవాల కదా, అలారం కూడా అదే పెట్టుకున్నా. లోపల మంచం మీద నుంచి మా అత్త అరిచింది. "దీపాలు పెట్టే వేళ కోడి కూస్తాందేమ్మే! ఇంటికి మంచిది కాదు, దాన్ని కోసి పారెయ్యండి!"

మా ఆయన నా వైపు చూసినాడు. నవ్వితే ఏమవుతుందో ఆయనకు తెలుసు, అందుకే నవ్వలేదు. "రివెట్లు తీసేద్దామా?" అన్నాడు మెల్లగా.

తీస్తే? సిలికాన్ అంతా గీకాల, మళ్లీ రివెట్లు కొట్టి మళ్లీ పుయ్యాల, అది ఆరాల. తెల్లారితే ఐసు పెట్టాల. ఆరని అంచుల్లోంచి చలి పోతే సావిత్రమ్మ గడప ఇంక మనకు లేదు. ఫోనా, ఎండాకాలమంతా పనా? "వద్దు. ఫంక్షన్ అయిపోనీ" అన్నా. టార్చి కాసేపటికి దానంతటదే ఆరిపోతాది గానీ, ఫోన్‌ను బయట నుంచి సైలెంట్ చెయ్యలేమని మా ఇద్దరికీ తెలుసు. ఎవరూ చెయ్యకపోతే చాలు అనుకున్నాం.

మీరు చెయ్యకుండా ఉంటారా!

తాడిపత్రిలో మండపం నిండా జనం. మేనత్త పసివాని చెవి దగ్గర వంగింది. పేరు చెప్పే సమయం. పిల్లలు కూడా గమ్ముగా ఉండారు. సరిగ్గా అప్పుడు, మీలో ఎవరో గానీ, నాకు ఫోన్ చేసినారు.

కొక్కొరొకో!

పసివాడు ఉలిక్కిపడి ఏడుపు ఎత్తుకున్నాడు. అందరూ ఇటు తిరిగినారు. నేను ఏం చెయ్యాల? నిజం చెప్పాల. నేను ఏం చేసినా? నడుం మీద చేతులు పెట్టుకోని గట్టిగా అరిచినా.

"ఎవరిదప్పా ఈ కోడి? శుభమా అని పేరు పెడతాంటే ఈడికి వదిలేదేంది? పోయి పట్టుకోండి!"

మా ఆయనను కూడా తోలినా. పాపం, ఆ మనిషి లేని కోడి కోసం "బా... బా..." అనుకుంటా కాంపౌండు చుట్టూ తిరిగినాడు. ఒక పెద్దాయన గ్లాసు పట్టుకోని డబ్బా వైపు అనుమానంగా చూసినాడు.

"ఏం తల్లీ, ఐసులో కోడి పెట్టినావా? ఈ పొద్దు మా ఇంట్లో నీసు లేదే!"

"అయ్యో, పక్కింటోళ్లదన్నా. మీరు తాగండి."

మధ్యాహ్నం ఇంకో రెండు సార్లు కూసింది. రెండు సార్లూ పక్కింటోళ్లను తిట్టినా. ఆ పక్కిల్లు తాళం వేసుంది, నాకు తెలీదు.

ఎండ వాలేటప్పుడు మళ్లీ మొదలైంది. ఈసారి ఆపడమే లేదు. కూస్తాంది, ఆగుతాంది, మళ్లీ కూస్తాంది. నేను నోరు తెరిచి తిట్టబోతాండగా మెట్ల మీద నుంచి సావిత్రమ్మ దిగుతా కనిపించింది. చెవి దగ్గర ఫోను. ఫోను దించింది, కోడి ఆగింది. మళ్లీ నొక్కింది, కోడి కూసింది. అట్ల నొక్కుకుంటా, ఆపుకుంటా, ఒక్కో అడుగే వేసుకుంటా నేరుగా నా డబ్బా దగ్గరికి వచ్చి నిలబడింది.

"పైన చుట్టాలకు షర్బత్ పంపమని నీకు ఎంతసేపటి నుంచి చేస్తాండా రత్నమ్మా. నేను చేస్తే మీ కోడి ఎత్తుతాందేమి?"

మండపం మండపమంతా నవ్వింది. పొద్దుటి నుంచి నేను తిట్టిన వాళ్లందరూ ఇంకొంచెం ఎక్కువ నవ్వినారు. చెప్పినా. టార్చి, చుక్కలు, పై వరస, అంతా చెప్పినా. నోటితో పనిచేసుకోని బతికేదాన్ని, నాకు ఆ పొద్దు మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

సావిత్రమ్మ నవ్వలేదు. వచ్చి డబ్బా మూత ఎత్తింది. లోపలికి వంగి, చెయ్యి పెట్టి చూసింది. పొద్దున పెట్టిన దిమ్మ, అంచులు కొంచెం గుండ్రబడినాయి గానీ, నిబ్బరంగా కూర్చోనుంది.

"ఇంత సాయంత్రమైనా ఇట్లే ఉండాదే!" అంది. మూత వేసింది. "రేపటి నుంచి ఫ్యాక్టరీకి తీసుకరా. ఏమన్నా మార్పుంటే ఫోన్..." అని ఆగి, నన్నూ డబ్బానూ చూసి, అప్పుడు నవ్వింది. "వద్దులే, మనిషిని పంపిస్తా."

అప్పటి నుంచి రోజూ తాడిపత్రి. ఒక్క పొద్దు డబ్బా ఖాళీ లేదు. బ్యాటరీ ఉన్నన్ని దినాలు తెల్లారగానే కూసింది, మీరు చేసినప్పుడల్లా కూసింది, తర్వాత చప్పుడు లేదు. పండుకునే ముందు చదివే అలవాటు పోయి చేతులు ఊరికే కొట్టుకుంటాండాయి. ఇది కూడా మా ఆయన ఫోన్లో రాస్తాండా, ఆయన పక్కన కూర్చోని ఎప్పుడిస్తావు అని చూస్తాండాడు. ఒక్కోసారి షర్బత్ పోస్తా ఆ రేకు మీద చెయ్యి పెడతా. చల్లగా ఉంటాది. ఒక్క రివెట్టు కదల్లేదు. నేను జన్మలో ఇంత గట్టిగా, ఇంత సరిగ్గా చేసిన పని ఇంకోటి లేదు. దాన్ని నేనే విప్పాల్సి రావడం కొంచెం బాధగానే ఉండాది.

నిన్న మా అత్త అడిగింది. "ఆ ఫోను తీస్తావా, తియ్యవా?"

"తీస్తా అత్తా. వానలు పడనీ. చల్లబడితే షర్బత్ అడిగేవాళ్లుండరు, డబ్బా ఖాళీగా ఉంటాది. అప్పుడు తీరిగ్గా విప్పుతా."

మా అత్త బయటికి పోయి, చెయ్యి అడ్డం పెట్టుకోని ఆకాశమంతా ఒకసారి కలయజూసి, లోపలికొచ్చి కూర్చుంది.

"అయితే కొత్తది కొనుక్కో పో."