చెంబు బాబాయ్ నీలిగీత

చెంబు బాబాయ్‌కి మట్టినేల కనబడితే చాలు, చెంబెడు నీళ్ళు పోసి, అవి ఎంతసేపటికి ఇంకాయో గడియారంలో చూసుకోందే కాలు కదలదు. ప్రణాళికా కార్యాలయంలో ఆయన నక్షాలు గీస్తాడు. కూతురి పెళ్ళి మాటలకు వెళ్ళి, కాబోయే వియ్యంకుడి పెరట్లోనూ పోశాడు. “అబ్బాయి సంగతి తర్వాత చూద్దాం బావగారూ, మీ నేల మాత్రం మహా దాహం మీదుంది,” అన్నాడట.

కొత్తగా వచ్చిన అధికారిణికి ఇదంతా పిచ్చిగా తోచింది.

“బాబాయ్ గారూ, గుట్ట కింది నేల నక్షా ఎప్పుడిస్తారు?”

“ఇంకా నలభై మళ్ళు చూడాల్సి ఉందమ్మా.”

“గుట్ట కిందంతా ఒకే నీలిగీత గీసి, లోపల ఏమీ కట్టకూడదని రాసేస్తే పోలా?”

“గీతదేముందమ్మా, నిమిషం పని,” అంటూ చెంబుతో మెట్లు దిగిపోయేవాడు.

గుట్ట కింది గులకరాళ్ళ నేలలోకి ఇంకే వాననీరే దిగువ ఊరి బావులకు ఆధారం. ఆమె మూడు నెలలు ఆగింది. గోదాములు కట్టేవాళ్ళు రోజూ వచ్చి కూర్చుంటున్నారు. చివరికి విసిగి, నీలిగీత లేని పాత నక్షా మీదే వాళ్ళకు అనుమతి ఇచ్చేసింది. చట్టం ప్రకారం తప్పేం లేదు. తప్పంతా నేల ప్రకారమే. ఆ నెలలోనే బాబాయ్ రిటైరయ్యాడు.

రెండేళ్ళలో సగం గులకనేల కాంక్రీటు కిందికి పోయింది. గోదాముల్లో సరుకు చల్లగా ఉంది. దిగువ ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళ ట్యాంకరు కోసం ఎండలో నిలబడ్డారు.

మిగిలిన సగమైనా కాపాడదామని, ఆమె సిగ్గు చంపుకుని బాబాయ్ ఇంటికి వెళ్ళింది. ఆయన అటక మీంచి ఒక కాగితాల కట్ట దించాడు. మడికొక కాగితం. వాటిలో సగానికి పైగా కాగితాల మీద ఒకే మాట: ‘నీరు ఇంకలేదు. ఇల్లు కట్టుకోవచ్చు.’

“ఇవన్నీ గీత బయటివా?”

“అవునమ్మా. అంతా ఒకే గీతలో మూసేస్తే, బంకమట్టి మడి ఉన్నవాడు కూడా ఓ గది వేసుకోలేడు. వాడి నేల ఏ బావికీ చుక్క ఇవ్వదు. మరి వాణ్ణెందుకు ఆపాలి? అందుకే ఒక్కొక్కటీ చూశాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఎప్పుడిస్తావన్నారు గానీ, ఎందుకు పోస్తున్నావని అడగలేదు కదమ్మా.”

కాగితం లేని మళ్ళు ఇంకా ఎన్ని మిగిలాయో ఆమె లెక్కపెట్టుకుంది.

“రేపు పొద్దున్నే రండి,” అన్నాడు బాబాయ్. “ఇద్దరం పోస్తే వారంలో తేలిపోతుంది. కాకపోతే జనం మిమ్మల్ని కూడా పిచ్చిదనుకుంటారు.”

“అనుకోనివ్వండి బాబాయ్ గారూ. రెండేళ్ళ కిందటే అనిపించుకుని ఉండాల్సింది.”